గుల్లబారిన ఎముక నొప్పి పెట్టదు

ఎముకలు గుల్లబారడం గురించి విజయవాడ, గుంటూరు పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. ఒకే సంగతి అడిగినవాళ్ల ప్రశ్నలు కలిపేశాం. పేర్లు వేయలేదు.

ప్రశ్న: మా వీధిలో ఉచిత క్యాంపు పెట్టి, కాలి మడమ మిషన్లో పెట్టించి, "మైనస్ 2.8, ఎముకలు గుల్ల" అని చీటీ ఇచ్చారు. భయపడి రక్తంలో కాల్షియం చేయిస్తే 9.4, అంతా బాగుందన్నారు. నాకు 58 ఏళ్లు. ఏది నమ్మాలి?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: రెండూ మీ ప్రశ్నకు జవాబులు కావు. ఒంట్లో ఉన్న కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో తిరిగేది మిగిలిన ఒక్క శాతంలో ఓ పిసరు. గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా ఆ పిసరు తగ్గకూడదు. అందుకే అది తగ్గే సూచన కనబడగానే, మెడలో థైరాయిడ్ వెనక గింజల్లా అంటుకుని ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి తీయించి రక్తానికి సర్దుతాయి. గాదె అడుగంటుతున్నా చాటలోకి రోజూ కొలిచినన్ని గింజలు వస్తూనే ఉంటాయి. మీ 9.4 చాటలో లెక్క. అలాగని ఆ పరీక్ష దండగ కాదు. కాల్షియం మరీ ఎక్కువున్నా మరీ తక్కువున్నా వేరే జబ్బు ఏదో ఉందని పట్టిస్తుంది. ఎముకల మందు మొదలుపెట్టే ముందు కూడా చూసుకోవాల్సిందే.

ఇక మడమ మిషను. అది శబ్ద తరంగాలతో కొలుస్తుంది. దాని మైనస్ 2.8, ఎముక చిక్కదనాన్ని ఎక్స్‌రేతో కొలిచే డెక్సా స్కాన్ మైనస్ 2.8 ఒకటి కావు. జబ్బును నిర్ధారించే కొలతలు డెక్సాకే వర్తిస్తాయి. క్యాంపు చీటీని "ఓసారి డెక్సా చేయించుకో" అన్న హెచ్చరికగా తీసుకోండి, అంతవరకే. మిషను పక్కనే పౌడరు డబ్బాలు అమ్ముతుంటే ఆ హెచ్చరికను కూడా సగానికి తగ్గించుకోండి.

డెక్సాలో నడుము పూసలు నాలుగు, తుంటి ఎముక చూస్తారు. ఎక్స్‌రే కిరణాలే కానీ మోతాదు బాగా తక్కువ. ముందు రోజు నుంచి కాల్షియం మాత్ర ఆపండి. మాత్ర కడుపులో కరగకుండా ఉంటే పూసల లెక్కలో కలిసిపోతుంది. మొలతాడు, పిన్నీసులు తీసేయండి. రిపోర్టులో చూడాల్సింది టీ స్కోరు. అంటే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో మీ ఎముకను పోల్చిన లెక్క. మైనస్ 1 వరకు మామూలు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే పల్చబడటం మొదలైంది. మైనస్ 2.5, అంతకంటే కిందికి పోతే గుల్లబారినట్టు. అన్ని చోట్ల అంకెల్లో ఏది అన్నిటికంటే తక్కువో అదే లెక్క.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. అరవై దాటాక పూసలు అరిగి అంచుల్లో కొత్త ఎముక పెరుగుతుంది. దాంతో నడుము స్కోరు ఉన్నదానికంటే బాగున్నట్టు వస్తుంది. నడుము మైనస్ 0.9, తుంటి మైనస్ 2.6 ఉన్న కాగితం చూసి "సగటున పర్లేదు" అనుకోకూడదు. తుంటిదే నమ్మాలి. మళ్లీ చేయించేటప్పుడు, సాధారణంగా రెండేళ్లకు, అదే సెంటరులో అదే మిషను మీద చేయించండి. మిషను మారితే అంకె మారుతుంది. అది ఎముకలో వచ్చిన మార్పు కాదు.

ప్రశ్న: మా అమ్మకి రెండు మోకాళ్లూ విపరీతమైన నొప్పి. ఎముకలు గుల్లబారి ఉంటాయని రోజూ కాల్షియం మాత్ర వేస్తున్నాం. ఏడాదైనా తగ్గలేదు.
– పటమట, విజయవాడ

జవాబు: తగ్గదు. మోకాలి నొప్పి కీలులో గుజ్జు అరగడం వల్ల వచ్చేది. ఎముక గుల్లబారడం వేరే జబ్బు. దానికి నొప్పి ఉండదు, విరిగిందాకా తెలియదు. వెన్నుపూస నలిగినప్పుడు కూడా చాలామంది "నడుం పట్టింది" అనుకుని ఊరుకుంటారు. మోకాళ్లను మోకాళ్లుగా చూపించండి. ఎముకల సంగతి తెలియాలంటే అమ్మగారిని గోడకి నిలబెట్టి ఎత్తు కొలవండి. పడుచు వయసు ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు తగ్గినా, వీపు పైభాగం గూని తిరుగుతున్నా వెన్నుకి ఎక్స్‌రే తీయించాలి.

ప్రశ్న: నాకు 39. ఐదేళ్ల కిందట తెల్లబట్ట ఎక్కువైందని గర్భసంచి తీసేశారు. ఈ మధ్య ఒళ్లంతా వేడి సెగలు, నిద్ర పట్టదు. ఎముకలు కూడా దెబ్బతింటాయని మా తోడికోడలు అంటోంది. నిజమేనా?
– నల్లపాడు, గుంటూరు

జవాబు: ఈ ఉత్తరం లాంటివి మాకు చాలా వచ్చాయి. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందుందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. తెల్లబట్టకి గర్భసంచి తీయడం అవసరమా అన్నది వేరే వాదన. చాలాసార్లు అవసరం ఉండదు. ఇప్పుడు మీకు కావాల్సింది, ఆరోజు ఏమేం తీశారో తెలుసుకోవడం.

డిశ్చార్జి కాగితం వెతకండి. అందులో "టీఏహెచ్" అని మాత్రమే ఉంటే గర్భసంచి ఒక్కటే తీశారు. దాని పక్కన "బీఎస్ఓ" అని ఉంటే రెండు అండాశయాలూ తీసేశారు. ఎముకల విషయంలో ఈ మూడక్షరాలే కీలకం. ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ తయారయ్యేది అండాశయాల్లో, గర్భసంచిలో కాదు. అండాశయాలు ఉంటే హార్మోను వస్తూనే ఉంటుంది, కాకపోతే ముట్లుడిగే దశ కొన్నేళ్లు ముందు రావచ్చు. అవి తీసేస్తే మాత్రం ఆపరేషన్ రోజునే ఆ దశ వచ్చేసినట్టు. ముట్లుడిగాక మొదటి ఐదారేళ్లలోనే ఎముక ఇరవై శాతం దాకా పోవచ్చు. యాభైలో మొదలవ్వాల్సిన ఆ తరుగు మీకు ముప్ఫై నాలుగులోనే మొదలై ఉండొచ్చు.

కాగితం దొరక్కపోతే అల్ట్రాసౌండ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయిస్తే తేలుతుంది. అండాశయాలు లేవని తేలితే స్త్రీల వైద్యుల దగ్గర హార్మోను చికిత్స గురించి సూటిగా అడగండి. మీ వయసులో అది ఒంటికి కొత్తగా ఎక్కించేది కాదు, ఉండాల్సినదాన్ని తిరిగి ఇవ్వడం. గర్భసంచి లేదు కాబట్టి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. మామూలుగా ముట్లుడిగే వయసు, అంటే యాభై దగ్గర దాకా వాడతారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, కాళ్లలో రక్తం గడ్డలు కట్టినవాళ్లకి ఇది పనికిరాదు. అలాంటివాళ్లకి వేరే మందులున్నాయి. ఓ డెక్సా కూడా చేయించండి.

ప్రశ్న: పాలు వాసన పడవు. పెరుగు తింటాను. గోంగూరలో, తోటకూరలో కాల్షియం చాలా ఉంటుందిగా, అవి రోజూ తింటే సరిపోదా? మాత్రలు తప్పవా?
– సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మామూలు పెద్దవాళ్లకి రోజుకి 1000 మి.గ్రా., ముట్లుడిగినవాళ్లకి 1200 అని భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించాయి.

గోంగూర గుంటూరు వాళ్ల ప్రాణమే గానీ అందులో పులుపుతో పాటు ఆక్సలేట్లు ఉన్నాయి. అవి కాల్షియాన్ని పట్టుకుని పేగులోంచి ఒంట్లోకి పోనివ్వవు. పాలకూర, చుక్కకూర, తోటకూర కూడా అంతే. పుస్తకంలో అంకె పెద్దది, ఒంటికి పట్టేది కొంచెం. రుచికి తినండి, కాల్షియం ఖాతాలో రాసుకోకండి. ఆకుల్లో మునగాకు మేలు.

పాలు లేకుండా ఒక రోజు లెక్క ఇలా కూర్చుకోవచ్చు. గడ్డ పెరుగు మూడు పూటలా కలిపి 300 గ్రాములు: సుమారు 360 మి.గ్రా. రాగిపిండి 60 గ్రాములతో సంకటో జావో: 215 దాకా. మునగాకు 50 గ్రాములు పప్పులోనో పొడిగానో వేపుడుగానో: 150. నువ్వులు 15 గ్రాములు, అంటే చిమ్మిలి ఉండ ఒకటి: 190. ఇప్పటికే 900 దాటాం. అన్నం, పప్పు, కూరల్లోంచి ఇంకో 150 చేరుతుంది. రాగుల్లో, నువ్వుల్లో కూడా కాల్షియాన్ని కొంత అడ్డుకునే పదార్థాలు ఉన్నాయి. రాగులు నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టి పట్టిస్తే ఆ అడ్డు తగ్గుతుంది. అందుకే మొత్తం భారం ఒక్క రాగుల మీదే వేయొద్దు. నీచు తినేవాళ్లకి నెత్తళ్ల లాంటి చిన్న చేపలు ముల్లుతో సహా నమిలితే మంచి ఆధారం. ముల్లు పారేస్తే కాల్షియం పారేసినట్టే.

ఒక పొరపాటు మాత్రం మన ఇళ్లలో మామూలు. "రోజూ రెండు గ్లాసుల మజ్జిగ తాగుతాను" అంటారు. ఒక వంతు పెరుగుకి మూడు వంతుల నీళ్లు పోసి చిలికిన 200 మి.లీ. గ్లాసులో ఉన్నది 50 గ్రాముల పెరుగే. అంటే 60 మి.గ్రా. దాహానికి బ్రహ్మాండం, ఎముకకి కాదు.

తిండితో లెక్క కుదిరితే మాత్ర అక్కర్లేదు. కుదరకపోతే తగ్గినంత వరకే మాత్రతో పూరించండి. డబ్బా మీద "కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా." అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. ఒకేసారి 500 మించి వేసుకుంటే ఒంటికి పట్టే వంతు తగ్గుతుంది. కార్బొనేట్ భోజనంతోనే వేసుకోవాలి. గ్యాస్ మాత్ర రోజూ వాడేవాళ్లకి సిట్రేట్ రకం నయం. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటలు, ఐరన్ మాత్రకీ దీనికీ కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. పొద్దున్నే అన్ని మాత్రలూ గుప్పిట్లో పోసుకుని మింగేస్తే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి.

ప్రశ్న: కారం, పచ్చళ్లు ఎముకల్ని తినేస్తాయా?
– కొత్తపేట, గుంటూరు

జవాబు: కారానికి సంబంధం లేదు. ఉప్పుకి ఉంది. ఒక చెంచాడు ఉప్పు ఒంట్లోంచి బయటికి పోతూ సుమారు 40 మి.గ్రా. కాల్షియాన్ని మూత్రంలో వెంటబెట్టుకుపోతుంది. ఆవకాయ ముద్దలు రెండుతో ఆపితే నష్టం లేదు.

ప్రశ్న: విటమిన్ డి తక్కువుందని మా నాన్నకి 60,000 యూనిట్ల పొడి పొట్లాలు రాశారు. వారానికొకటి అని అర్థం కాక ఆయన రోజుకొకటి చొప్పున ఇరవై రోజులు వేసుకున్నారు. ఇప్పుడు వాంతులు, మలబద్ధకం, ఊరికే దాహం. ఏం చేయాలి?
– భవానీపురం, విజయవాడ

జవాబు: ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు విడిగా కబురు చేశాం. మిగతావాళ్ల కోసం ఇక్కడ వేస్తున్నాం. ఇరవై పొట్లాలంటే 12 లక్షల యూనిట్లు. విటమిన్ డి కొవ్వులో నిలవ ఉండిపోతుంది. ఆపిన మర్నాడే దిగిపోదు, వారాల తరబడి ఉంటుంది. అది ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. మీరు రాసిన మూడు లక్షణాలూ దానివే. మగతగా ఉండటం, తికమకగా మాట్లాడటం దాని తర్వాత మెట్టు, కిడ్నీ దెబ్బతినడం ఆ తర్వాతది. పొట్లాలు, కాల్షియం మాత్రలు రెండూ ఆపి ఆరోజే ఆసుపత్రికి వెళ్లి రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), విటమిన్ డి మూడూ చేయించాలి. అవసరమైతే సెలైన్ ఎక్కిస్తారు.

మామూలు పద్ధతి: వారానికొకటి, ఎనిమిది వారాలు, నూనో నెయ్యో ఉన్న భోజనం తర్వాత. ఆపైన డాక్టరు చెబితే నెలకొకటి. వారం పేరు ఒకటి పెట్టుకుని క్యాలెండరులో ఎనిమిది ఆదివారాలకీ సున్నాలు చుట్టండి. వేసుకున్న వారం కొట్టేయండి. ఏడాదికి ఒకేసారి పెద్ద మోతాదు ఇస్తే మంచిదనే భ్రమ కూడా వద్దు. ఆస్ట్రేలియాలో పెద్ద వయసు ఆడవాళ్లకి ఏటా 5 లక్షల యూనిట్లు ఒక్కసారే ఇచ్చి చూస్తే, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ తగ్గకపోగా పెరిగాయని 2010లో తేలింది.

బెజవాడ ఎండ ఉండగా విటమిన్ డి ఎలా తగ్గుతుందని ఇంకొకరు అడిగారు. ఎండలో నిలబడితే కదా. నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పటి ఎండే చర్మంలో విటమిన్ డి బాగా పుట్టిస్తుంది. మే నెలలో అది పొద్దున తొమ్మిదికే మొదలవుతుంది, పది నిమిషాలుండి నీడకి వచ్చేయొచ్చు. డిసెంబరులో మాత్రం పదకొండు నుంచి ఒకటిన్నర మధ్యే. తెల్లవారుజాము లేత ఎండ హాయికే. అద్దం వెనక కూర్చుంటే అసలు లాభం లేదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది.

ప్రశ్న: మా అత్తయ్యకి 70. ఎముకలు గుల్లబారినందుకు వారానికోసారి అలెండ్రోనేట్ 70 మి.గ్రా. మాత్ర రాశారు. వేసుకున్న రోజల్లా గుండెల్లో మంట అని మానేస్తానంటున్నారు. పొద్దున్నే కాఫీతో వేసుకుని మళ్లీ కాసేపు నడుం వాలుస్తారు.
– కొరిటెపాడు, గుంటూరు

జవాబు: మంట చాలావరకు మందు తప్పు కాదు, కాఫీ, నడుం వాల్చడం చేసిన పని. ఈ మందు సరిగ్గా వేసుకున్నా ఒంట్లోకి చేరేది ఒక్క శాతం లోపే. కాఫీతో వేసుకుంటే అందులోనూ సగానికి పైగా పోతుంది. మాత్ర అన్నవాహిక గోడకి అంటుకుంటే పుండు పడుతుంది.

నిద్ర లేవగానే, పరగడుపున, పెద్ద గ్లాసుడు మంచినీళ్లతో మింగాలి. నమలకూడదు, చప్పరించకూడదు. తర్వాత అరగంట కూర్చోవడమో నిలబడటమో నడవడమో తప్ప పడుకోకూడదు, వంగి ముగ్గేయకూడదు. ఆ అరగంట కాఫీ, టిఫిను, ఇంకో మాత్ర ఏదీ వద్దు. నెలకోసారి వేసుకునే ఐబాండ్రోనేట్ అయితే గంట. వారానికోసారి మాత్ర మర్చిపోతే గుర్తొచ్చిన మర్నాడు పొద్దున ఒకటి వేసుకుని, మళ్లీ పాత వారానికే రండి. ఒకే రోజు రెండు మాత్రం వద్దు.

ఇంత చేసినా మంట ఆగకపోతే, కూర్చోలేకపోతే, ఏడాదికోసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఉంది. దానికి ముందు విటమిన్ డి, క్రియాటినిన్ చూడాలి. డి బాగా తక్కువుండగా ఎక్కిస్తే కాల్షియం పడిపోయి మూతి చుట్టూ, వేళ్లకీ తిమ్మిర్లు వస్తాయి. మొదటిసారి ఎక్కించాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు మామూలే, పారాసెటమాల్ చాలు. దవడ ఎముక పాడవుతుందని భయపడేవాళ్లకి: గుల్లబారడానికి వాడే మోతాదులో అది చాలా అరుదు. పీకించాల్సిన పన్ను ఉంటే ముందే పీకించుకుని, గాయం మానాక మందు మొదలుపెట్టండి.

ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ సంగతి వేరు. అది మధ్యలో మానేస్తే పోగైన ఎముక గబగబా కరిగి పూసలు వరసగా నలగొచ్చు. డబ్బు ఇబ్బంది వచ్చినా, ఊరు మారినా, మానే ముందు డాక్టరుతో మాట్లాడి వేరే మందులోకి మారాలి. మొదటి ఇంజెక్షన్‌కి ముందే ఈ మాట అడగాలి.

ప్రశ్న: కీళ్లనొప్పులకి మా పెద్దమ్మ పేరు లేని పొడి ఒకటి తెప్పించుకుంటుంది. వేసుకుంటే గంటలో లేచి పరిగెడుతుంది. మొహం కూడా నిండుగా అయ్యింది.
– సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: గంటలో లేపే పేరు లేని పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుందని అనుమానించాలి. మొహం నిండటం ఆరోగ్యం కాదు, దాని గుర్తే. చర్మం పల్చబడి చిన్న దెబ్బకే కమలడం, షుగరు పెరగడం కూడా చూడండి. స్టెరాయిడ్ వల్ల ఎముక వేగంగా పోయేది మొదటి ఆర్నెల్లలోనే. అయితే ఇవాళే టక్కున మాన్పించేయకండి. నెలల తరబడి వాడితే ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారీ నిద్రపోతుంది. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పొడి పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మెల్లగా తగ్గిస్తారు.

ప్రశ్న: మా అమ్మ పుట్టి పెరిగింది దర్శి దగ్గర పల్లెలో. వెన్ను బిగుసుకుపోయి మెడ తిరగదు. డెక్సాలో మాత్రం ప్లస్ 3 వచ్చింది. ఇంత గట్టి ఎముకలుండి ఈ బాధ ఏమిటి?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ ఊరి పేరే సగం జవాబు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వైద్య లోకానికి చూపించింది 1937లో, అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం నుంచే. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగితే ఎముక చిక్కబడుతుంది గానీ పెళుసవుతుంది, పక్కనున్న నరాల దారులు ఇరుకవుతాయి. డెక్సాకి చిక్కదనమే తెలుసు, గట్టిదనం తెలియదు. వెన్నుకీ ముంజేతికీ మామూలు ఎక్స్‌రే తీయించండి. పల్లెలో ఇంకా బోరు నీళ్లు తాగే చుట్టాలుంటే ఆ నీళ్లు పరీక్ష చేయించమనండి. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మి.గ్రా. దాటకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

ప్రశ్న: రోజూ ప్రకాశం బ్యారేజీ మీద గంట నడుస్తాను, వారానికి రెండ్రోజులు ఈత. చాలదా?
– గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: గుండెకి చాలు. ఎముకకి బరువు తగలాలి. ఈతలో నీళ్లే బరువు మోసేస్తాయి. వారంలో మూడు రోజులు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవండి. మడమలెత్తి దించడం ఇరవై. గోడకి చేతులానించి తోయడం పది. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద అరనిమిషం చొప్పున నిలబడండి. పూస నలిగి ఉన్నవాళ్లు ముందుకు వంగే ఆసనాలు, సూర్య నమస్కారాలు చేయకూడదు. వంగి నీళ్ల బిందె ఎత్తకూడదు.

ప్రశ్న: మా నాన్నకి 76. బాత్‌రూములో జారి తుంటి విరిగింది. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, కట్టు కట్టించి మూడు నెలలు పడుకోబెడదామని బంధువులు అంటున్నారు.
– మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఈ వయసులో ప్రాణం తీసేది ఆ మూడు నెలల పడకే. పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డ కడుతుంది. గుండె, షుగరు చూసుకుని వీలైనంతవరకు 48 గంటల్లోపే ఆపరేషన్ అయిపోవాలి. మర్నాడే వాకరు పట్టించి నిలబెడతారు. నాటు కట్టు తుంటికి పనిచేయదు.

చాలా ఇళ్లలో ఆపరేషన్‌తో కథ అయిపోయిందనుకుంటారు. నిలబడ్డ ఎత్తు నుంచి పడి తుంటి విరిగిందంటే స్కాన్ లేకుండానే ఎముకలు గుల్లబారినట్టు లెక్క, మగవాళ్లకైనా సరే. డిశ్చార్జి కాగితంలో దానికి మందు లేకపోతే అడగండి. రెండో తుంటి కూడా అదే ఒంట్లో ఉంది.

ఆయన ఇంటికి వచ్చేలోపు బాత్‌రూముకి గరుకు టైల్స్ గానీ అంటుకునే రబ్బరు పట్టీలు గానీ వేయించండి. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట గోడలోకి బిగించిన స్టీలు కడ్డీ పెట్టించండి. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. మంచం నుంచి బాత్‌రూము దాకా రాత్రంతా చిన్న లైటు, కరెంటు పోతే తలగడ పక్కన టార్చి. అరిగిన హవాయి చెప్పులు, గుమ్మం ముందు జారే పట్టా తీసేయండి. పంచె చీలమండ దాటకుండా కట్టమనండి. లేవగానే నడవకుండా మంచం అంచున ఒక నిమిషం కూర్చోమనండి. నిద్రమాత్ర, రాత్రిపూట బీపీ మాత్ర ఉంటే డాక్టరుకి చూపించి వేళ మార్పించండి. కంట్లో శుక్లాలు ఉంటే అవీ వాయిదా వేయకండి.